కొల్హాపూరు భోజనం

బందరు వాళ్ళం మాంసం భోజనం చేయడానికి మహారాష్ట్ర దాకా వెళ్ళామని చెబితే మీరు నవ్వుతారు. మాది చేపలకు, రొయ్యలకు, పీతలకు పెట్టింది పేరయిన ఊరు. వేటమాంసం అంటే మన ఇళ్ళలో క్రిస్మస్ పండుగకో, పెళ్ళికో, కొత్త అల్లుడు వచ్చినప్పుడో వండుకునేది. నిజానికి మేము మాంసం కోసం రైలెక్కలేదు. మా అక్కగారు, బావగారు సోలాపూరులో ఉంటారు. బావగారిది రైల్వే ఉద్యోగం. ఎన్నో ఏళ్ళుగా రమ్మని పిలుస్తున్నారు. గత సంక్రాంతి సెలవులకు మేమిద్దరం, పిల్లలిద్దరు, మా నాన్నగారు కలిసి బయలుదేరాము.

నాన్నగారికి ఎనభై దగ్గర పడ్డాయి. ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేసి రిటైరయ్యారు. దివిసీమలో ఊళ్ళోనే ఒక్కరూ ఉంటారు. ఆయనకు ఒక పట్టుదల ఉంది. హోటలులో కూర్చుని తినరు. కాఫీ కూడా తాగరు. ఎక్కడికి వెళ్ళినా ఇంటి నుండి క్యారియరు కట్టించుకుని తీసుకువెళతారు. హోటలు నూనె పడదని, మసాలా అరగదని చెప్పేవారు. మేము నమ్మాము. ఆ మాటలో సగమే నిజమని ఈ ప్రయాణంలో తెలిసింది. ఆ సంగతి మీతో చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

బందరులో రైలెక్కి గుడివాడ మీదుగా విజయవాడ చేరి, అక్కడ కోణార్క్ ఎక్స్‌ప్రెస్ అందుకున్నాము. భువనేశ్వర్ నుండి ముంబయి పోయే ఆ బండి వరంగల్లు, సికింద్రాబాదు దాటి, తాండూరు, వాడి, గుల్బర్గాల మీదుగా సోలాపూరు చేరుతుంది. వరిచేలు, కొబ్బరిచెట్లు చూసి పెరిగిన పిల్లలకు తాండూరు దాటాక కనిపించే నల్లరేగడి నేల, కందిచేలు, జొన్నచేలు, పేర్చి ఉంచిన షాబాదు బండలు కొత్తగా తోచాయి. "ఇక్కడ కాలువలు లేవేం?" అని చిన్నది అడిగింది. కృష్ణమ్మ మన డెల్టాకు వచ్చే ముందు ఎంత ఎండిన నేల పక్కనుండి నడిచి వస్తుందో నాన్నగారు పాఠం చెప్పారు.

సోలాపూరు తెలుగువారు

సోలాపూరు స్టేషనులో దిగి అక్కగారి ఇంటికి ఆటోలో వెళుతుంటే చుట్టూ తెలుగు మాటలు వినిపించాయి. అది మాకు ఆశ్చర్యం. సోలాపూరులో 1877లో మొదటి బట్టల మిల్లు వచ్చింది. ఆ తరువాత మరికొన్ని మిల్లులు, వేలాది మగ్గాలు వచ్చాయి. తెలంగాణా జిల్లాల నుండి పద్మశాలీ కుటుంబాలు బతుకుతెరువు కోసం వచ్చి ఇక్కడే నిలిచిపోయాయి. పట్టణానికి తూర్పు దిక్కునున్న పేటల్లో ఇప్పటికీ ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ. సోలాపూరు దుప్పట్లు, తువాళ్ళు మన బందరు బజారులోనూ అమ్ముతారు. అవి నేసిన చేతుల్లో చాలా వరకు తెలుగు చేతులే. ఆడవారు చాలామంది ఇంటి గుమ్మంలో కూర్చుని బీడీలు చుడతారు.

అక్కగారి పక్కింటి పెద్దాయన మగ్గం నేసి అలసిన మనిషి. "మాది బందరండీ" అనగానే, "సముద్రం కాడనా? మా తాతలు కరీంనగరం దిక్కు నుంచి వచ్చిన్రు. నేను ఈడనే పుట్టిన" అన్నాడు. మా పిల్లలకు హుర్డా తెప్పించి పెట్టాడు. హుర్డా అంటే పాలు గట్టిపడుతున్న లేత జొన్నకంకులను నిప్పుల మీద కాల్చి, అరచేతిలో నలిపి రాల్చిన గింజలు. శీతాకాలంలోనే దొరుకుతాయి. వేరుశనగ పొడితో కలిపి తింటే, మన వైపు లేత మొక్కజొన్న తిన్నంత ఇష్టంగా పిల్లలు తిన్నారు.

ఆదివారం మధ్యాహ్నం అక్కగారు అక్కడి పద్ధతిలో మాంసం వండారు. మహారాష్ట్రలో మటన్ అంటే చాలాచోట్ల మేకమాంసమే. అక్కడ మనలాగా అన్నంలో కలుపుకోవడం చివరి మాట. ముందు జొన్నరొట్టె, దానినే వారు భాకరీ అంటారు. జొన్నపిండిని వేడినీళ్ళతో కలిపి, బాగా మర్దించి, అరచేత్తో తట్టి, పెనం మీద వేసి, పైన తడిచేత్తో నీళ్ళు రాస్తారు. నీళ్ళు ఆరిన తరువాత తిప్పి, చివరకు నిప్పు మీద పొంగిస్తారు. సోలాపూరులో ఇంకో రకం ఉంది. పలుచగా చేసి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పడంలా పెళుసుగా చేసిన కడక్ భాకరీ. అది చాలా రోజులు నిలువ ఉంటుంది. మిల్లుకు, పొలానికి, ప్రయాణానికి కట్టుకుపోవడానికి పుట్టిన రొట్టె అది. దానిని పులుసులో ముక్కలుగా విరిచి నానబెట్టి తింటారు. అన్నం తప్ప ఎరుగని మా పిల్లలు మొదట ముఖాలు చిట్లించారు. మాంసం పులుసులో నానిన తరువాత మరో ముక్క అడిగారు.

ఆ సాయంత్రం బావగారు, "రేపు అందరం బయట భోజనం చేద్దాం. ఇక్కడ మంచి ఖానావళి ఉంది" అన్నారు. నాన్నగారు వెంటనే, "మీరు వెళ్ళి రండి అల్లుడుగారూ, నాకు మజ్జిగన్నం చాలు" అన్నారు. మేము బలవంతం చేయలేదు. అలవాటే కదా అనుకున్నాము.

ఖానావళి అంటే

ఖానావళి అన్న మాటకు మన మెస్సు అనే అర్థం. ఇంటికి దూరంగా పని చేసుకునేవారికి ఇంటి భోజనం వంటిది పెట్టే చోటు. బొంబాయి మిల్లుల్లో పని చేయడానికి కొంకణం, దక్కను పల్లెల నుండి వేలమంది మగవారు ఒంటరిగా వెళ్ళేవారు. వారికి తమ ఇంట్లోనే వండి పెట్టి, నెలకింతని తీసుకుని పిల్లలను పెంచుకున్న స్త్రీలు ఎందరో. వడ్డీవ్యాపారుల చేతిలో చిక్కిన అటువంటి స్త్రీలను కూడగట్టి 1975లో ప్రేమా పురవ్ గారు అన్నపూర్ణ మహిళా మండలి స్థాపించారు. కాబట్టి మహారాష్ట్రలో బయట భోజనం అన్నది డబ్బున్నవారి సరదా నుండి మాత్రమే పుట్టలేదు. పనివారి ఆకలి నుండి, వంట తెలిసిన ఆడవారి కష్టం నుండి కూడా పుట్టింది.

ఒక్కొక్క ప్రాంతానికి ఒక్కొక్క మాంసం వంట. నాగపూరులో సావజీ మటన్ ప్రసిద్ధి. అది హల్బా కోష్టీలనే నేతవారి వంట. నల్లగా, ఘాటుగా కన్నీరు తెప్పిస్తుంది. ఖాందేశంలో ఉల్లిపాయ, ఎండుకొబ్బరి బాగా మాడ్చినట్టు కాల్చి రుబ్బిన నల్లమసాలా. సముద్రపు ఒడ్డున మాల్వణ్‌లో కొబ్బరి ఎక్కువ. వీటన్నిటిలోకి పేరు పడింది మాత్రం కొల్హాపూరు. అక్కడ ఒకే మాంసం రెండు రంగుల రసాలతో వస్తుంది. ఎర్రనిది తాంబడా రస్సా, తెల్లనిది పాంఢరా రస్సా.

"ఇంత దూరం వచ్చి కొల్హాపూరు చూడకుండా వెళతారా?" అన్నారు బావగారు. నాన్నగారు మళ్ళీ తల అడ్డంగా ఊపారు. అప్పుడు బావగారు ఆయనకు ఒక కథ చెప్పారు. ఆ కథ విన్నాక నాన్నగారు కాసేపు మాట్లాడకుండా కూర్చుని, "సరే, ఆ ఊరు చూస్తాను" అన్నారు.

మహారాజు తాగిన టీ

కొల్హాపూరు సంస్థానాన్ని 1894 నుండి 1922 వరకు పాలించినవారు శాహూ మహారాజు. 1902 జూలై 26న తన సంస్థానపు ఉద్యోగాలలో సగం వెనుకబడిన వర్గాలకు కేటాయిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. ఈ దేశంలో అటువంటి ఉత్తర్వులలో మొదటి వరుసలోనిది అది. పిల్లలకు ఉచిత నిర్బంధ ప్రాథమిక విద్య పెట్టారు. 1920 మార్చిలో మాణగావ్‌లో అంటరాని కులాల వారి మహాసభ జరిగినప్పుడు, అప్పటికి ఇంకా యువకుడైన డాక్టర్ అంబేద్కరు గారిని వారి నాయకుడుగా సభలో మెచ్చుకున్నారు.

ఆ మహారాజు గుర్రపుశాలలో గంగారాం కాంబ్లే అనే పనివాడు ఉండేవాడు. పై కులాలవారికని ఉంచిన నీళ్ళతొట్టిని ముట్టుకున్నాడని తోటి పనివారు అతణ్ణి కొట్టారు. సంగతి తెలిసి మహారాజు కొట్టినవారిని శిక్షించారు. గంగారాంకు మాత్రం, ఈ నౌకరీ మాని సొంతంగా ఏదైనా పెట్టుకోమని పెట్టుబడి ఇచ్చారట. గంగారాం ఊరి మధ్యలో టీ హోటలు పెట్టాడు. పేరు సత్యసుధారక్. టీ బాగుండేది, గదీ శుభ్రంగా ఉండేది. కానీ తాగేవారు లేరు. అంటరానివాడి చేతి టీ ఎవరు తాగుతారు?

మహారాజుకు ఈ మాట చేరింది. ఒకనాడు తన బండిని నడివీధిలో ఆ హోటలు ముందు ఆపించి, గంగారాంను టీ అడిగి, అందరూ చూస్తుండగా తాగారు. వెంట ఉన్న పెద్ద కులాల అధికారులకూ ఇప్పించారు. అది ఒక్కరోజుతో ఆగలేదు. వచ్చిన ప్రతిసారీ అక్కడ టీ తాగేవారని కొల్హాపూరువారు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఉపన్యాసం చెప్పి ఊరుకోక, తన నోటితో తాగి చూపించారు. ఈ మాట జరిగి నూరేళ్ళు దాటింది.

రెండు రసాలు

మరునాడు ఉదయమే ఎస్టీ బస్సు ఎక్కాము. మంగళవేఢె జొన్నచేలు, సాంగోలా దానిమ్మ తోటలు దాటి, మిరజ్ చేరాము. మిరజ్ అనగానే నాన్నగారు, డాక్టర్ వాన్‌లెస్ దొరగారి మిషను ఆసుపత్రి ఈ ఊరిదేనని గుర్తు చేసుకున్నారు. అక్కడి నుండి కొల్హాపూరు వైపు చెరకుతోటలు, బెల్లం వండే వాసన మొదలవుతాయి. మా పిల్లలు "ఉయ్యూరు వచ్చేశాం!" అని అరిచారు. కొల్హాపూరు బెల్లం దేశమంతటా పేరు మోసినది.

ఊళ్ళో ముందు కొత్త రాజభవనం, తరువాత మహారాజు కట్టించిన ఖాస్‌బాగ్ కుస్తీ మైదానం చూశాము. కొల్హాపూరు కుస్తీలకు పెట్టింది పేరు. తాలీముల్లో కండలు పెంచే పహిల్వాన్లకు పాలు, మాంసం, బాదం గట్టి తిండి. ఇక్కడి మాంసం వంటకు అంత పేరు రావడానికి ఈ కుస్తీలు కూడా ఒక కారణమంటారు. సాధు జంతువులను మచ్చిక చేసినట్టు బజారులో గేదెలను నిలబెట్టి, అడిగినవారికి అప్పటికప్పుడు పాలు పితికి ఇచ్చే అలవాటూ ఈ ఊరిది.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఒక ఖానావళిలోకి వెళ్ళాము. పెద్ద హంగు లేదు. పొడవాటి బల్లలు, బెంచీలు. రైతులు, బస్సు డ్రైవర్లు, కాలేజీ కుర్రవాళ్ళు, ఒక మూల ముసలి దంపతులు. నాన్నగారు గుమ్మం దగ్గర కొంచెం ఆగారు. చెప్పులు విప్పాలా అని అడిగారు. "అక్కరలేదు, రండి" అని బావగారు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకువెళ్ళారు. బెంచీ మధ్యలో కూర్చోబెట్టారు. ఆయనకు ఒక పక్క మా పెద్దవాడు, రెండో పక్క ఎవరో తలపాగా రైతు.

పళ్ళెం వచ్చింది. మధ్యలో రెండు భాకరీలు. ఒక గిన్నెలో సుక్కా మటన్, అంటే మసాలా పట్టి దగ్గరగా వేగిన ముక్కలు. ఒక గిన్నెలో ఎర్ర రసం, మరొక గిన్నెలో తెల్ల రసం. పక్కన ఉల్లిపాయ ముక్కలు, నిమ్మబద్ద. ఎర్ర రసం చూసి మేమే జంకాము. గుంటూరు మిరపకాయ తినేవాళ్ళం అయినా ఆ రంగు అటువంటిది. తిని చూస్తే రంగుకు తగినంత మంట లేదు. బ్యాడగి, సంకేశ్వరి వంటి మిరపకాయలు కారానికి తోడు రంగూ వాసనా ఇస్తాయి. మిరపకాయ, వెల్లుల్లి, ఉల్లిపాయ, ఎండుకొబ్బరి, నువ్వులు, ధనియాలు కలిపి కొట్టిన కాందా-లసూణ్ మసాలా ఆ రసానికి ప్రాణం. మనం ఆవకాయ పెట్టుకున్నట్టు, వారు వేసవిలో ఏడాదికి సరిపడా ఆ కారం కొట్టించుకుంటారు.

తెల్ల రసం సంగతి వేరు. మాంసం ఉడికిన నీళ్ళలో కొబ్బరిపాలు, జీడిపప్పు, గసగసాలు రుబ్బి కలిపినది. కారం పేరుకు మాత్రమే. ముందుగా దానిని గిన్నె ఎత్తి తాగుతారు. కడుపు మెత్తబడుతుంది. తరువాత సుక్కాతో భాకరీ. తరువాత ఎర్ర రసంలో భాకరీ ముక్కలు చిదిమి వేసుకోవడం. ఆఖరున కొంచెం అన్నం. చిన్న పిల్లలకు, జబ్బుపడి లేచినవారికి ఉప్పూ కారం అంతగా పడని అళణి అనే రసం ముందే తీసి ఉంచుతారు. ఒక్క కుండలో ఉడికిన మాంసం నుండే ఇవన్నీ వస్తాయి.

ఇక్కడ మేము గమనించిన ముఖ్యమైన సంగతి ఒకటి. ముక్కలు లెక్కగా వేస్తారు. రసం మాత్రం లెక్క లేదు. వడ్డించే కుర్రవాడు రెండు చేతుల్లో రెండు బకెట్లు పట్టుకుని బల్లల మధ్య తిరుగుతూ, "తాంబడా? పాంఢరా?" అని అందరినీ అడుగుతూ గరిటెతో పోస్తూనే ఉంటాడు. మన తల్లులు చేసే పనీ అదే కదా! అరకిలో మాంసం తెచ్చి, అందులో దోసకాయో, సొరకాయో, చింతచిగురో వేసి, పదిమందికి సరిపెట్టేవారు. ముక్క దొరకనివారికి పులుసు దొరికేది. పులుసులో మాంసం రుచి ఉండేది. ఆ పులుసు అన్నమే పండుగ.

నాన్నగారి ముందు స్టీలు చెంబు, గ్లాసు పెట్టారు. ఆయన గ్లాసును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. పక్కనున్న రైతు గ్లాసు చూశారు. రెండూ ఒకటే. చిన్నగా ప్రార్థన చేసుకుని నీళ్ళు తాగారు. తెల్ల రసం రెండుసార్లు పోయించుకున్నారు. "పళ్ళు లేనివాడికి దేవుడిచ్చిన కూర ఇది" అని నవ్వారు. పక్కనున్న రైతు తన పళ్ళెంలోని నిమ్మబద్ద తీసి ఆయన పళ్ళెంలో పెట్టి, ఎర్ర రసంలో పిండుకోమని సైగ చేశాడు. ఆ ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు.

భోజనం అయింది. నాన్నగారు లేచి, తన పళ్ళెం, గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని కడగడానికి పంపు ఎక్కడా అని వెదుకుతున్నారు. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. అంతలో ఆ వడ్డించే కుర్రవాడు పరుగున వచ్చి, "రాహూ ద్యా, ఆజోబా" అని వాటిని అందుకున్నాడు. ఉండనివ్వండి తాతగారూ అని దాని అర్థం. నాన్నగారు ఖాళీ చేతులతో కొంచెంసేపు అక్కడే నిలబడ్డారు.

నాన్నగారు చెప్పినది

ఆ సాయంత్రం రంకాళా చెరువు గట్టున కూర్చున్నప్పుడు ఆయన చెప్పారు. మా జీవితంలో మొదటిసారి విన్నాము.

ఆయన చదువుకున్న ఊరి బజారులో ఒక కాఫీ హోటలు ఉండేది. పేటవారికి లోపలికి ప్రవేశం లేదు. వెనుక పక్క చూరులో వారి గ్లాసులు గుచ్చి ఉండేవి. గ్లాసు తీసుకుని, తామే కడుక్కుని, చేతికి తగలకుండా పైనుండి పోస్తే పట్టుకుని, గోడ పక్కన కూర్చుని తాగి, మళ్ళీ కడిగి చూరులో పెట్టాలి. డబ్బు మాత్రం అందరితో సమానంగా తీసుకునేవారు. 1955లో అంటరానితనపు నేరాల చట్టం వచ్చింది. హోటలులోకి రానివ్వకపోవడం శిక్షించదగిన నేరమని అందులో ఉంది. అంతకుముందే రాజ్యాంగం కూడా ఆ మాట చెప్పింది. చూరులో గ్లాసులు మాత్రం కదలలేదు.

1962లో నాన్నగారు ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసయ్యారు. తాతగారు సంతోషం పట్టలేక, కొత్త చొక్కా తొడిగి, ఆ హోటలుకు తీసుకువెళ్ళి, ముందువైపు బెంచీ మీద కూర్చోబెట్టి, "మావాడు ప్యాసయ్యాడు, ఒక కాఫీ ఇవ్వండి" అన్నారట. హోటలు మనిషి మాట్లాడలేదు. బిందెడు నీళ్ళు తెచ్చి, వారు కూర్చుని ఉండగానే బెంచీ మీద కుమ్మరించాడు. కొత్త చొక్కా తడిసింది. తాతగారు ఏమీ అనకుండా కొడుకు చెయ్యి పట్టుకుని ఇంటికి వచ్చేశారు. "నాకు తడిసినందుకు బాధ లేదురా. మా నాన్న తల వంచుకుని నడవడం చూశాను. ఆ రోజు నుండి హోటలు గడప తొక్కలేదు" అన్నారు నాన్నగారు.

ఆ హోటలు ఇప్పుడు లేదు. ఆ మనిషీ లేడు. ఆయన ఎవరినీ తిట్టలేదు. "ఆ గంగారాం హోటలు మా ఊళ్ళో ఉంటే బాగుండేది" అని మాత్రం అన్నారు.

ఇంటికి వచ్చాక

మహారాష్ట్రలో అంతా బాగుంది, మన దగ్గరే చెడు ఉంది అని మేము చెప్పడం లేదు. కులం ఆ నేలనూ వదలలేదు. కొల్హాపూరు చెప్పులు ప్రపంచమంతా కొంటుంది. వాటిని కుట్టే చర్మకారులను ఆ ఊరివారు అందరూ ఒకే విధంగా చూశారని ఎవరూ అనలేరు. గంగారాంను కొట్టినవారూ ఆ ఊరివారే.

మా ఇంటి సంగతే చెబుతాము. బందరు వచ్చాక నాన్నగారు నాలుగు రోజులు మా దగ్గర ఉన్నారు. ఒక ఉదయం మా వీధి ఊడ్చే ఆమె టీ కోసం వెనుక గుమ్మానికి వచ్చింది. మేము ఎప్పటిలాగే కిటికీలో బోర్లించి ఉన్న గ్లాసు తీసి అందులో పోసి ఇచ్చాము. ఆ గ్లాసు ఆమెదే. ఇంకెవరం దానిని వాడము. ఎప్పుడు, ఎవరు అలా పెట్టారో మాకే గుర్తు లేదు. శుభ్రం కోసమని మనసుకు చెప్పుకున్నాము కాబోలు. ఆమె తాగి, పంపు దగ్గర కడిగి, కిటికీలో బోర్లించి వెళ్ళిపోయింది.

నాన్నగారు కుర్చీలో కూర్చుని ఇదంతా చూశారు. ఒక్క మాట అనలేదు. లేచి వెళ్ళి, కిటికీలోని ఆ గ్లాసు తెచ్చి, వంటింట్లో మా గ్లాసుల మధ్య పెట్టారు. కాసేపటికి అందులోనే మంచినీళ్ళు ముంచుకుని తాగారు. మాకు తల ఎత్తుకోవడం కష్టమైంది. ఇప్పుడు ఏది ఆమె గ్లాసో, ఏది మాదో మాకు తెలియదు. మొదట్లో ఆమె పంపు వైపు వెళ్ళబోయేది. మేము చేతిలోనుండి అందుకుంటున్నాము. ఇప్పుడు అలవాటైంది.

ఆ మరుసటి ఆదివారం తెల్ల రసం, ఎర్ర రసం ఇంట్లో వండాము. ఆమెనూ, ఆమె పిల్లలనూ పిలిచి మాతో కూర్చోబెట్టుకున్నాము. ఎర్ర రసం ఆమెకు బాగా నచ్చింది. తెల్లది మాత్రం, "పాయసంలో మాంసం పడ్డట్టుందండీ" అంది. నాన్నగారు పగలబడి నవ్వారు.

మీరూ వండుకోదలిస్తే

కిలో వేటమాంసం అయిదారుగురికి సరిపోతుంది. ముక్కలకు అల్లం వెల్లుల్లి ముద్ద, ఉప్పు పట్టించి, కొంచెం నూనెలో ఉల్లిపాయతో మగ్గించి, సుమారు రెండు లీటర్ల వేడినీళ్ళు పోసి మెత్తగా ఉడికించండి. పసుపు వేయవద్దు, తెల్ల రసం రంగు మారుతుంది. ముక్కలు వేరు చేసి, ఉడికిన నీళ్ళను రెండు భాగాలు చేయండి.

తెల్ల రసానికి: పది పన్నెండు జీడిపప్పులు, రెండు చెంచాల గసగసాలు, చెంచా నువ్వులు నానబెట్టి మెత్తగా రుబ్బండి. నేతిలో లవంగాలు, దాల్చినచెక్క, యాలకులు, చీల్చిన పచ్చిమిరపకాయలు వేయించి, రుబ్బిన ముద్ద, ఒక భాగం మాంసం నీళ్ళు పోసి మరిగించండి. మంట బాగా తగ్గించి, ఒక కొబ్బరికాయ పాలు పోసి కలుపుతూ ఉండండి. పాలు పోశాక పెళపెళ మరిగితే విరిగిపోతుంది. ఆవిరి రాగానే దించండి.

ఎర్ర రసానికి: ఉల్లిపాయ, ఎండుకొబ్బరి, నువ్వులు, ధనియాలు, వెల్లుల్లి విడివిడిగా ఎర్రగా వేయించి రుబ్బండి. నూనె కాగాక ఈ ముద్ద వేసి, నూనె తేలేదాకా వేయించి, మీ ఇంటి కారం తగినంత వేసి, మాడకముందే రెండో భాగం నీళ్ళు పోసి మరిగించండి. మిగిలిన ముద్దలో ముక్కలు వేసి దగ్గరగా వేయిస్తే అదే సుక్కా. జొన్నరొట్టె చేత కాకపోతే అన్నంతోనూ బాగుంటుంది.

ముక్కలు లెక్కపెట్టి వేసినా ఫరవాలేదు. రసం మాత్రం గరిటె ఆపకుండా పోయండి. గుమ్మం బయట ఎవరైనా నిలబడి ఉంటే లోపలికి పిలవండి. భోజనం అయ్యాక వారి గ్లాసు మీరే అందుకోండి.